గాలిలోంచి వస్తుంది

ఫోన్ మోగేసరికి నేను పెరట్లో ఆరేసిన దుప్పట్లు తీసి రెండోసారి నీళ్ళలో ముంచుతున్నాను. దక్షిణాఫ్రికాలోని ఈ టోంగాట్‌లో మే నెల వచ్చిందంటే చెరుకు తోటలు తగలబెడతారు. కోతకి ముందు ఆకు కాలిపోతే గడ నరకడం సులువట. ఆ కాలిన ఆకు నల్లటి పోగులై తేలుతూ వచ్చి ఉతికిన బట్టల మీదే వాలుతుంది. దులిపితే మరక పడుతుంది కాబట్టి మళ్ళీ ఉతకాలి. పెళ్ళయి నాలుగు నెలలే అయింది కాబట్టి నాకు అది కూడా ముచ్చటగానే ఉండేది. ఇక్కడ నల్ల మంచు కురుస్తుందని అమ్మకి ఉత్తరం రాశాను.

"మిసెస్ నాయుడూ, మీ రిజల్టు వచ్చింది. పాజిటివ్," అంది డాక్టరు దగ్గరి నర్సు.

నాలుగుసార్లు థాంక్యూ చెప్పాను. ఆమె పెట్టేశాక కూడా ఇంకోసారి చెప్పి, తడి చేతులతోనే వంటింట్లోకి పరిగెత్తాను. అత్తయ్య చాటలో పప్పు ఏరుతోంది. మాట వినగానే చాట పక్కన పెట్టి నా బుగ్గలు రెండూ పట్టుకుంది. "షేమ్, పిల్లా. షేమ్," అంది. ఇక్కడ షేమ్ అంటే సిగ్గు కాదు. ముద్దొచ్చినా అదే మాట, జాలేసినా అదే మాట. వచ్చిన కొత్తలో అది తెలియక ఒకసారి బాత్రూములో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు తెలుసు కాబట్టి నవ్వాను.

ఆ సాయంత్రం క్రీసన్ నన్ను కారులో సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. రొట్టె లోపల తొలిచి బీన్స్ కూర నింపి ఇస్తారే, ఆ బన్నీ ఒకటి కొని ఇద్దరం కారులోనే తిన్నాం. రొట్టె అడుగున కూర ఇంకిన ముక్క ఎప్పుడూ ఆయనదే. ఆ రోజు నాకిచ్చాడు. క్రీసన్ చక్కెర మిల్లు లాబ్‌లో కెమిస్టు. ముత్తాత ఊరు చూద్దామని అనకాపల్లి వచ్చి, అక్కడ చూడ్డానికి తనవాళ్ళెవరూ దొరకక, దారి చూపించిన మా బాబాయి ఇంట్లో భోజనానికి కూర్చుని నన్ను చూశాడు. తెలుగులో ఆయనకి పాతిక మాటలు వచ్చు. పది తిట్లు, ఎనిమిది తిండి, మిగతావి చుట్టరికాలు. నన్ను స్నిగ్స్ అంటాడు. స్నిగ్ధ అని మా నాన్న ఎంతో వెతికి పెట్టిన పేరు, ఒక్క పూటలో స్నిగ్స్ అయిపోయింది. అదీ ముచ్చటే.

నాకు పెళ్ళికి ముందు నుంచీ ఒక ఉద్యోగం ఉంది. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి మాటల్లో చెప్పి రికార్డు చేస్తారు. అవి హైదరాబాదు కంపెనీకి వస్తాయి. నేను విని టైపు చేసి పంపాలి. ఇక్కడి నుంచి కూడా చేసుకోవచ్చని క్రీసన్ ఇంటర్నెట్ పెట్టించాడు, వైర్‌లెస్ పెట్టెతో సహా. "ఇంట్లో ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చుని పని చేసుకో, స్నిగ్స్," అన్నాడు. ఎక్కడ కావాలంటే అక్కడ అంటే వంటింట్లో అని తర్వాత తెలిసింది. బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన తరగాల్సిన బెండకాయలు. ఒక చెవిలో ఒహాయో డాక్టరు చెప్పే గుండె ఆపరేషను. రెండో చెవి కుక్కరు మూడో కూత కోసం ఖాళీగా ఉంచుకోవాలి. నేను పనిలో ఉన్నానని ఇంట్లో ఎవరూ అనరు. "కంప్యూటర్ మీద ఉంది," అంటారు.

శుభవార్త వచ్చిన వారానికి పక్కింటి ఐరీన్ ఆంటీ పేపరు కటింగు పట్టుకుని వచ్చింది. ఊళ్ళో స్కూలు పక్కన సెల్‌ఫోన్ టవరు పెట్టబోతున్నారు. దాని మీద హాల్లో మీటింగు జరిగింది.

"రేడియేషన్, భాగ్యం. కంటికి కనపడదు, వాసన రాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి మరీ డేంజరట," అంది అత్తయ్యతో. "మనల్ని అడక్కుండా ఎలా పెడతారు? పదేళ్ళ కిందటి రోజులా ఇవి? ఇప్పుడు ఏది చెయ్యాలన్నా మనల్ని అడగాలి."

తెల్లవాళ్ళ పాలన పోయాక ఏప్రిల్‌లోనే వాళ్ళు మూడోసారి ఓట్లేసి వచ్చారు. అడగాలి అనే మాట ఆవిడ నోట్లో ఇంకా కొత్త గాజులా మోగేది. నాకు భలే నచ్చింది. మీటింగు కాగితం మీద నేనూ సంతకం పెట్టాను.

అత్తయ్య షెల్ఫు మీద పచ్చగా మెరిసే పెట్టెని చూసింది. "అలాంటిదేనా ఇది? దీనికి కంప్యూటర్ కాడికి తీగ ఏదీ? ఎలాగ వస్తాది?"

అత్తయ్య తెలుగులో అంత పొడుగు ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నా సంబరం ఏమని చెప్పను. చక్కటి తెలుగులో, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. "తీగ అక్కర్లేదత్తయ్యా. గాలిలోంచి వస్తుంది."

టీ కప్పు ఆవిడ పెదాల దగ్గర ఆగిపోయింది. "గాలా?"

"ఆ, గాలే. ఇల్లంతా ఉంటుంది. గోడల్లోంచి కూడా దూరుతుంది."

"నీ మీదకీ వస్తాదా?"

"అందరి మీదకీ వస్తుంది," అని నవ్వాను.

మర్నాటికి పెట్టె మీద ఒక నిమ్మకాయ, ఒక సిరింగా రెమ్మ ఉన్నాయి. ఇక్కడ వేపాకు బదులు అమ్మవారికి ఆ ఆకే వాడతారు. ఎంత బాగుందో అని ఫోటో తీసుకున్నాను. చూసి క్రీసన్ పడీపడీ నవ్వాడు. "నువ్వు అమ్మకి గాలి అని చెప్పావా? మా ఇంట్లో వీచేదాన్ని విండ్ అంటాం. గాలి అంటే పట్టేది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ గాలి పట్టిందనేది, మిరపకాయలు తిప్పేది." నూట ఇరవై ఏళ్ళ కిందట చెరుకు కూలీలతో పాటు ఓడ దిగిన మాట. వీచే గాలి ఇంగ్లీషులోకి పోయింది, పట్టే గాలి మాత్రం తెలుగులో మిగిలింది. ఆ రోజు అది నాకు ఎంత అందమైన సంగతిగా తోచిందంటే, డైరీలో రాసుకున్నాను. అత్తయ్య దగ్గర కూర్చుని నేనన్నది ఆ గాలి కాదని మాత్రం చెప్పలేదు. రేపు చెప్దాం అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను.

ఇంకో సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. ఐరీన్ ఆంటీ కటింగు చదివాక నాకూ భయమేసింది. ఇంటర్నెట్‌లో వెతికాను. భయపడమన్న పేజీలూ, భయపడక్కర్లేదన్న పేజీలూ ఆ పెట్టెలోంచే వచ్చాయి. రెండో రకమే ఎక్కువ నమ్మాలనిపించింది, కానీ కడుపు మీద చెయ్యి పెట్టుకుంటే నమ్మకం చాల్లేదు. బజారుకెళ్ళి ఒక కేబులు కొనుక్కొచ్చి, పెట్టెలో వైర్‌లెస్ ఆపేసి, తీగతోనే పని చేసుకున్నాను. పచ్చ దీపాలు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. చదువుకున్నదాన్ని, భయపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. క్రీసన్ గుండె మీద తల పెట్టుకుంటే చొక్కా జేబులో ఫోను నా బుగ్గకి గుచ్చుకునేది. దాని మాట ఎవరూ ఎత్తలేదు. రోజూ నేను ఊడ్చి ఎత్తే చెరుకు మసి మాటా ఎత్తలేదు. తడి దుప్పట్ల బరువు మాటా ఎత్తలేదు.

జూలైలో గంగమ్మ పూజ వచ్చింది, ఇక్కడివాళ్ళు ప్రేయర్ అంటారు. అంబలి, గుమ్మడికాయ కూర, పప్పు, వీధి వీధంతటికీ. అత్తయ్య, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళం రెండు రోజులు వండాం. కుండలు దించడానికి మగవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు షామియానా కట్టేశాక కూర్చుని మాట్లాడుకుంటున్నారు. "ఒక చెయ్యి వెయ్యి, పిల్లా," అని అత్తయ్య పిలిచింది. వేశాను. అందరూ తిని బాగుందన్నారు. నాకు గర్వంగా ఉంది.

మూడో రోజు పొద్దున రక్తం కనిపించింది. సాయంత్రానికి కడుపులో ఏమీ లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని చెప్పింది. "ఎందుకు జరిగిందో చాలాసార్లు మాకు తెలియదు. నువ్వు చేసిందేదీ కాదు." క్రీసన్ పక్కనే నిలబడి విన్నాడు. తల కూడా ఊపాడు.

ఇంటికొచ్చాక ఐరీన్ ఆంటీ నన్ను పట్టుకుని షేమ్ అంది. ఈసారి రెండో షేమ్. అత్తయ్య గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "నే సెప్పినాను. గాలి. ఇంట్లోనే పెట్టుకున్నాం గదా." ఆవిడ గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. క్రీసన్ షెల్ఫు దగ్గరికెళ్ళి పెట్టె పీకి, వైర్లు చుట్టి, కారు డిక్కీలో పెట్టాడు. మర్నాడు మిల్లులో తన లాకర్లో దాచాడు. నన్ను అడగలేదు.

గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను, అది ఆపేసి ఎనిమిది వారాలైందని. కేబులు చూపించాను. ఆయన దాన్ని తీసుకుని వేళ్ళకి చుట్టుకున్నాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు. "అది కాదంటే ఇంకేమిటా అని ఆలోచిస్తుంది. కుండలు ఎత్తమని పిలిచింది తనే. తట్టుకోలేదు. పెట్టె వల్లే అనుకోనీ. నీ పని ఒక ఏడాది ఆగితే ఏమవుతుంది, స్నిగ్స్? ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా."

ఎలాగూ ఇంట్లోనే. ఆ మాట పట్టుకుని పది రోజులు పడుకున్నాను. నా పనిలో ఒక నియమం ఉంది. డాక్టరు చెప్పిన మాట వినపడకపోతే ఊహించి రాయకూడదు. అక్కడ ఖాళీ వదిలి, ఇది నాకు తెలియలేదు అని గుర్తు పెట్టాలి. తెలిసినట్టు నింపితే ఎక్కడో ఒక మనిషికి తప్పు మందు పడుతుంది. కొత్తవాళ్ళకి అదే కష్టం. ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు, ఏదో ఒక మాట పెట్టేస్తుంది. నా కడుపులో వచ్చిన ఖాళీని మా ఇంట్లో ఒక్క రోజు కూడా ఎవరూ అలా ఉంచలేకపోయారు. చేతికి దగ్గరగా ఉన్నదీ, పోయినా ఎవరికీ నష్టం లేనిదీ నా పని, దాన్ని తెచ్చి పెట్టేశారు. నేను ప్రేమించినవాడు, కెమిస్ట్రీ చదివినవాడు, రొట్టె అడుగు ముక్క నాకిచ్చినవాడు, నిజం తెలిసి కూడా పెట్టాడు. టవరు పెట్టేముందు ఊరినంతటినీ అడగాలన్న కాగితం మీద నాతో పాటు ఆయన సంతకం కూడా ఉంది.

ఆదివారం పొద్దున హైదరాబాదు నుంచి సూపర్‌వైజరు ఫోను చేసింది. రేపు లాగిన్ కాకపోతే నా డాక్టర్లని వేరే అమ్మాయికి ఇచ్చేస్తారట. సరే అన్నాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర, వడ్డించడం అయిపోయాక, నేను కూడా కూర్చున్నాను. అత్తయ్యతో ఇంగ్లీషులోనే మాట్లాడాను. నా తెలుగు మీద నాకు నమ్మకం పోయింది.

"అత్తయ్యా, ఆ పెట్టెలో వైర్‌లెస్ మే నెలలోనే ఆపేశాను. కేబులుతో పని చేశాను. దాని వల్ల కాదు."

క్రీసన్ నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కాడు. చెయ్యి తీసేశాను.

అత్తయ్య తెలుగులోనే అడిగింది. "మరి ఎందుకు పోయినాది?"

"తెలియదు."

"డాక్టర్‌కీ?"

"డాక్టరుకీ తెలియదు. ఎవరికీ తెలియదు."

ఆవిడ కంచంలో అన్నాన్ని వేలితో అటూ ఇటూ జరిపింది. "కుండలా, పిల్లా?" అంది. "ప్రేయర్ కాడి నుంచీ అదే అనుకుంటన్నాను. ఎవరికీ సెప్పలేదు. గాలి అంటే కొంచెం సులువుగా ఉన్నాది."

క్రీసన్ తల ఎత్తలేదు. నేను లేచి వెళ్ళి అత్తయ్య పక్క కుర్చీలో కూర్చున్నాను. కుండలు కాదని చెప్పలేను, అవునని కూడా చెప్పలేను. డాక్టరమ్మ నాతో అన్న మాటే ఆవిడతో అన్నాను, నువ్వు చేసిందేదీ కాదని. ఇద్దరం ఏడ్చాం. అన్నాలు చల్లారిపోయాయి.

ఆవిడ లేచి కంచాలు తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"క్రీసన్, రేపు ఆరింటి షిఫ్టుకి నీతో పాటు మిల్లు గేటు దాకా వస్తాను," అన్నాను. "లాకర్లోంచి నా పెట్టె తెచ్చి నా చేతికివ్వు. నేను టాక్సీలో వచ్చేస్తాను. ఎనిమిది నుంచి నాలుగు దాకా పనిలో ఉంటాను. రెండింటికి నువ్వొచ్చాక వంట నువ్వు చెయ్యాలి. అత్తయ్య కూడా రేపు వంటింట్లోకి రాదు. బిడ్డ ఆవిడకీ పోయింది."