దొడ్డివాకిలి మనిషి

ఆ పొద్దున రుసె పట్నం మీద ఆకాశం దిగజారి కూర్చుంది. వానా లేదు, ఎండా లేదు. దునావ్ నది మీంచి లేచిన మంచు మూడో అంతస్తు దాకా పాకి అక్కడే ఆగింది. నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తే దాఫినకి కింద నేల కనపడలేదు.

మొగుడు కామెన్ పోయి నలభయ్యో రోజు. చీకటి ఉండగానే లేచి గోధుమలు ఉడికించి, బట్ట మీద ఆరబెట్టి, చక్కెర పొడీ అక్రోటు పలుకులూ కలిపింది. తెల్లచిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టింది. స్మశానానికి పాదిరి వచ్చి సమాధి మీద వైను పోసి, ప్రార్థన చదివి పోయాడు. ఇక మిగిలింది ఇంటింటికీ గోధుమలు పంచడం. పుచ్చుకున్నవాళ్లు "దేవుడు మన్నించాలి" అంటారు. ఎంతమంది అంటే పోయినవాడికి అంత తేలిక. ఒక్క గడప కూడా వదలకూడదు.

దాఫినకి ఒక్క గడప దగ్గరే కాళ్లు ఆడలేదు. సరిగ్గా తన నెత్తి మీది ఇల్లు. వెల్చోది.

"ఆ గడప తొక్కను," అంది మెట్ల మీద నిలబడి.

తోడొచ్చిన ఎదురింటి తోత్కా పళ్లెం చంకన సర్దుకుంది. "తొక్కకేం చేస్తావే? ఊరందరి చేతా అనిపించి, అనాల్సినవాడి చేత అనిపించవా? కామెన్ తప్పు చేసింది ఆయనకే గదా."

"చావుకి రాలేదే మనిషి!"

"రాలేదు. నా మొగుడు నా పుట్టినరోజుకే రాడు, వాణ్ణి ముప్పై ఏళ్లుగా మేపుతున్నా. పద."

తప్పు చేసిన మాట నిజమే. వెల్చో తన తండ్రి ఊరినుంచి ద్రాక్ష కొమ్మ తెచ్చి బిల్డింగు వెనక నాటాడు. తీగని తాళ్ల మీద ఐదో అంతస్తు దాకా ఎక్కించాడు. దారిలో కామెన్ బాల్కనీకీ నీడ ఇచ్చింది. ఏటా ఇద్దరూ కలిసి వైను పట్టేవాళ్లు, వెనక పెరట్లో కట్టెలు పేర్చి మిరపకాయలు కాల్చి పెద్ద డేగిసాలో పచ్చడి తిప్పేవాళ్లు. తర్వాత గోడలకి చలి పట్టకుండా పలకలు అతికించే పని వచ్చింది. బిల్డింగు బాగోగులు చూసే పెత్తనం అప్పుడు కామెన్‌ది. తీగ అడ్డమన్నారు పనివాళ్లు. వెల్చో ఊరవతలి తన తోటకి పోయి ఉన్నాడు. తిరిగొచ్చేదాకా ఆగుదామనుకోలేదు కామెన్. తనే రంపం తెచ్చి మొదలు కోశాడు. వెల్చో వచ్చి మోడు చూశాడు. ఆనాటి నుంచీ ముందు వాకిలి తొక్కలేదు. అక్కడ బెంచీ మీద కామెన్ కూర్చుంటాడని, వెనక పెరట్లో కారు ఆపి, నేలమాళిగ దారిన లిఫ్టెక్కి పోయేవాడు.

జబ్బుపడ్డాక కామెన్ మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూసేవాడు. "లేచాడు. వంటింట్లోకి పోతున్నాడు," అనేవాడు. ఒకరోజు, "నేను పోతే వాడు మన్నిస్తాడంటావా?" అన్నాడు. దాఫిన ఊఁ అంది. ఏం చేస్తుంది మరి.

పాతిపెట్టి వచ్చిన సాయంత్రం ఇంటినిండా జనం నల్లబట్టల్లో కూర్చుని ఉంటే, పైన రేడియో మోగింది. పెళ్లి బాజా. తాళానికి కాలు తట్టడం కూడా వినపడింది. ఆ చప్పుడు దాఫిన గుండెలో మేకులా దిగి అక్కడే ఉండిపోయింది.

తోత్కా బెల్లు నొక్కింది. వెల్చోకి ఎడమ చెవి వినపడదు గనక ఇంకోసారి గట్టిగా నొక్కింది. వెల్చో తలుపు తీశాడు. చేతులు మోచేతుల దాకా ఎర్రగా, మిరపకాయల తొక్కు అంటుకుని ఉన్నాయి. దాఫినని చూసి మొహం ముడుచుకున్నాడు. తర్వాత ఆమె చేతిలో గోధుమల గిన్నె చూశాడు.

"ఎవరికి?" అన్నాడు.

దాఫిన వెటకారం అనుకుంది.

"ఎవరు పోయారు చెల్లెమ్మా? మీ అమ్మా?"

"వెల్చో అన్నా," అంది తోత్కా మెల్లగా, "కామెన్ గదా."

"ఏ కామెన్?"

ఇద్దరాడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందు వాకిలి తలుపుకి చావుచీటీ అతికించాం, ఫోటోతో సహా," అంది దాఫిన. "బస్టాపులో అతికించాం. నా తలుపుకి నల్లరిబ్బను కట్టాం. నీకు తెలీదా?"

"నేను ముందునుంచి రాను గదా."

అంతే అన్నాడు. చీటీ అతికించాక ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ నోటితో చెప్పరు. గోడ చెప్పింది గదా అనుకుంటారు. లిఫ్టులో ఎదురైనవాళ్లంతా వెల్చోతో ధరల గురించి మాట్లాడారు, వానల గురించి మాట్లాడారు. ఆయనకి ఎడమవైపు నిలబడి ఎవరైనా అని ఉంటే అన్నారేమో.

"వాడి దగ్గు వినపడటం మానేసింది," అన్నాడు వెల్చో. "నేల మీదికి వంగి కుడిచెవి పెట్టి విన్నా కూడా. తగ్గింది వెధవకి, అనుకున్నా."

"రేడియో పెట్టావు," అంది దాఫిన. అనకుండా ఉండలేకపోయింది. "పాతిపెట్టిన రోజు."

ఆయన ఎర్రటి చేతుల వంక చూసుకున్నాడు. "తోటనుంచి ఆ రోజే వచ్చుంటా. వచ్చినట్టు వాడికి తెలియాలని పెడతా ఎప్పుడూ, గట్టిగా. కింద వాడు చీపురుకర్రతో పైకప్పు పొడుస్తాడు. ఆ రోజు పొడవలేదు."

చెప్పుల పీట మీద కూలబడ్డాడు. దాఫిన గిన్నె అందించింది. రెండు చేతులా అందుకున్నాడు. అంచు మీద ఎర్రటి వేళ్ల ముద్రలు పడ్డాయి. ఆమె ఎదురుచూసింది. తోత్కా ఆయన నోటి వంకే చూస్తూ ఆ మాట తనే పెదాలతో అంది, అందిస్తున్నట్టు.

"అనలేను," అన్నాడు వెల్చో.

"తీగ కోసమా?"

"తీగ ఎవడిక్కావాలి!" అన్నాడు. "మీకు నలభై రోజులున్నాయి. ఏడ్చారు, పాతిపెట్టారు, అలవాటుపడ్డారు. నాకు ఇప్పుడే పోయాడు. మన్నించమని చచ్చినవాడి గురించి అంటారు. వాడింకా నాకు చావలేదు చెల్లెమ్మా. ఎట్లా అననూ?"

దాఫినకి ఏడుపు రాలేదు. ఆ మాట కోసమే గదా ఇన్ని మెట్లెక్కింది. ఇప్పుడు ఆయన్ని అడగడానికి నోరు రాలేదు.

"చేతులు కడుక్కో," అంది. "కిందికి రా. చిక్కుళ్లు ఉడికాయి."

ఆయన లిఫ్టు వైపు పోలేదు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. దాఫిన తలుపు దగ్గర నల్లరిబ్బను కింద చీటీ ఉంది. కళ్లజోడు తేలేదు. మొహం కాగితానికి ఆనించి పేరు చదివాడు, పుట్టిన ఏడు చదివాడు, రెండో ఏడు చదివాడు. ఫోటోలో కామెన్ టై కట్టుకుని ఉన్నాడు.

"టై ఎవరు కట్టారు వీడికి," అన్నాడు.

తోత్కా ఫక్కున నవ్వబోయి చెయ్యి నోటికి అడ్డంపెట్టుకుంది.

లోపల దాఫిన మూడు కంచాలు పెట్టింది. రొట్టె చేత్తో విరిచింది, పోయినవాడి పేర పెట్టే రొట్టెకి కత్తి తగలకూడదు. వెల్చో గ్లాసు వంచి పోయినవాడి వాటాగా కాస్త వైను నేల మీద ఒంపాడు. ఆ మాట అంటాడేమోనని తోత్కా చెంచా ఎత్తి ఆగింది. అనలేదు. కూర్చుని రొట్టె చిక్కుళ్లలో ముంచాడు. దాఫిన ఆయన కంచంలో ఇంకో గరిటె వేసింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.