గీతకు బెత్తెడు ఇవతల

రెండో జంప్ కూడా గీతకు బెత్తెడు ఇవతలే పడింది. కౌముది తల వంచి ఆ గీతనే చూసింది. ఇక మిగిలింది ఒక్క ఛాన్స్. అదీ తప్పితే ఫైర్ సర్వీస్ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది.

"కాళ్ళలో బలం చాలదమ్మా," అని తమిళంలో తేల్చేశాడు దూరం కొలిచి టేపు చుట్టుకుంటున్న పరీక్షాధికారి ఎళిలరసన్ సార్.

కౌముదికి ఒళ్ళు మండిపోయింది. బలం చాలదా! తాముండే ముత్తియాల్‌పేటలో మేడమెట్లెక్కి ఇంటింటికీ నీళ్ళ క్యాన్లు మోసేవి ఈ కాళ్ళే కదా? బీచ్ ఇసుకలో ఇంతకంటే దూరం దూకలేదా? కాకపోతే అక్కడ ఒట్టి కాళ్ళు. ఇక్కడేమో బూట్లు ఉండి తీరాలన్నారు, నేల చూస్తే బండరాయి. వేళ్ళ మీద ఊని లేవబోతే చాలు, బూటులో మెట్టె వేలిని నొక్కి ప్రాణం తోడేస్తోంది. ఆ నొప్పికి కాలు తనంతట తనే జంకుతోంది. పాపం, టేపుకేం తెలుసు? అది కొలిచింది దూరాన్ని. సార్ దాన్నే బలం అనుకుంటున్నాడు.

మెట్టెలు తీసేస్తే సరిపోయేది. కానీ పొద్దున అత్త అలివేలు ఒట్టు వేయించుకుంది. "ఏమన్నా చెయ్యి, మెట్టెలు మాత్రం తియ్యబాకు. నా కొడుకు రేయీ పగలూ లారీ మీద ఉండాడు."

కుంటుకుంటూ కంచె దగ్గరికి వచ్చి బూటు విప్పింది కౌముది. కంచె అవతల నిలబడ్డ అలివేలు చూసి అదిరిపడింది.

"ఏందే ఆ నెత్తురు?"

"మెట్టె, అత్తా."

అలివేలు కంచె పట్టుకుని ఒంగింది. మొగుడు పోయిన రోజు నలుగురూ చేరి తన మెట్టెలు లాగేయడం ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు. లోపల మైదానంలో ఎవరో మూడో జంప్‌కి కౌముది పేరు పిలిచారు.

"కాలు ఇటు పెట్టు."

"ఒట్టు..."

"వేయించింది నేనే గదా! పెట్టవే!"

కంచె కింద నుంచి చెయ్యి దూర్చింది. వేలు వాచింది, మెట్టె కదలదు. రెండోసారి పిలిచారు. అలివేలు తన జుట్టులోని కొబ్బరినూనె వేలికి పులిమి, కళ్ళు మూసుకుని మెలితిప్పింది. ఊడింది. రెండో బూటు విప్పితే ఆ కాలిది సులువుగానే వచ్చింది.

కౌముది బూట్లు తొడుక్కుని పరిగెత్తింది. ఈసారి కాలు జంకలేదు. గీత దాటి అవతల పడింది. సార్ టేపు లాగి, నమ్మకం కుదరక మళ్ళీ లాగాడు.

"ఇంత బలం ఇందాక ఎక్కడ దాచావమ్మా?"

 కౌముది రెండు చేతులూ ఎత్తి కంచె వైపు తిరిగింది. అత్త ఇటు చూడనే లేదు. ఒక గుప్పిట్లో మెట్టెలు, చెవి దగ్గర ఫోను.

"ఎత్తరా... ఎత్తు నాయనా..."

కౌముది చేతులు కిందికి దిగిపోయాయి. మెట్టెల్లేని కాళ్ళతోనే కంచె దగ్గరికి ఉరికింది. ఫోను మోగుతూనే ఉంది. చివరికి అవతల కొడుకు గొంతు.

"ఏందమ్మా, ఈ వేళప్పుడు? టీ తాగతా ఉండా."

అలివేలు ఉన్నచోటే కూలబడింది.

"ఏం లేదు లేరా. తాగు, నింపాదిగా తాగు."

ఫోను పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు అడిగింది కోడల్ని.

"దాటినావా?"