ఒక బాక్సు, రెండు యాంప్లిఫయర్లు

బేస్‌మెంట్ తలుపు తీయగానే కాలిన వార్నిష్ వాసన గుప్పున కొట్టింది. జానయ్య కాళ్లు గడపలోనే ఆగిపోయాయి.

ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట కాలితేనే అలాంటి వాసన వస్తుంది. గబగబా లైటు వేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కింద, పాటల కుర్రాళ్లు కిరాయికి తీసుకుని సాధన చేసుకునే గది అది. మూలన నడుమెత్తు స్పీకరు బాక్సు, దాని మీద పక్కపక్కనే రెండు గిటార్ యాంప్లిఫయర్లు. చిన్నది గదిది. గాజు వాల్వులున్న పాతకాలపుది ఇక్కడ గిటార్ సాధన చేసే కుర్రాడు ఉపేంద్రది. అతను దాన్ని ఇక్కడ వదిలి వెళ్లేది జానయ్య ఉన్నాడనే.

రెండింటికీ బాక్సు ఒక్కటే. కావలసినదానికి బాక్సు వైరు మార్చడం జానయ్య పని. రెండూ ఒకేసారి తగిలిస్తే ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. వాల్వులది మరీ పెంకిది. మోగుతుండగా వైరు లాగేస్తే కరెంటుకు దారి దొరక్క సొంత ట్రాన్స్‌ఫార్మర్‌నే తినేస్తుంది. ముందు స్విచ్చి ఆపాలి, ఆ తర్వాతే వైరు ముట్టుకోవాలి.

ఇప్పుడు వైరు చిన్నదానికి ఉంది. వాల్వులదాని స్విచ్చి వేసే ఉంది. దాని ముందున్న చిన్న దీపం మాత్రం వెలగడం లేదు.

నిన్న సాయంత్రం భార్య అరుణమ్మను మలక్‌పేట దవాఖానకు తీసుకుపోవాలన్న తొందరలో గది సర్దాడు. తలుపు మూయడం గుర్తుంది. ఆమెకు ఫోన్ చేస్తూ మెట్లెక్కడం గుర్తుంది. స్విచ్చి ఆపడం గుర్తులేదు. వైరు మార్చాడో లేదో అదీ గుర్తులేదు.

జానయ్య బక్కపలచని మనిషి. బొటనవేళ్ల మీద టంకం కాలిన మచ్చలు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, మీసాలు రాకముందే ఎల్బీనగర్‌లో పట్టాభి మైక్‌సెట్ దుకాణంలో చేరాడు. పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు స్తంభాలెక్కి హారన్లు కట్టాడు. అక్కడ పద్ధతి వేరు. ధబ్‌మని చప్పుడు రాకుండా, యాంప్లిఫయర్ నడుస్తుండగానే ముందు బాక్సు వైరు లాగేసేవారు. ఆ యాంప్లిఫయర్లకు ఏమీ అయ్యేది కాదు. డీజేలొచ్చి మైక్‌సెట్ మూతపడ్డాక పట్టాభి ఈ గది తెరిచాడు. అప్పుడు జానయ్య పాత అలవాటును చేతి నుంచి వదిలించుకోవలసి వచ్చింది. ఈనాటికీ వైరు దగ్గరికి వెళ్తే "ముందు స్విచ్చి, ముందు స్విచ్చి" అని గొణుక్కుంటాడు. నిన్న ఆ పాత చెయ్యే తిరిగొచ్చిందా?

పట్టాభి వచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు. ఈ వాసనేమిటని అడగలేదు. ఉపేంద్రకు కబురు చేయమన్నాడంతే.

మధ్యాహ్నం ఉపేంద్ర వచ్చాడు. యాంప్లిఫయర్ వెనక రేకు విప్పించి, నల్లబడిన తీగచుట్టను చాలాసేపు చూశాడు. తిట్టి ఉంటే జానయ్యకు కొంత తేలికయ్యేది.

"నువ్వే లాగినవా అంకుల్?"

పట్టాభి ఫోన్‌లోకి తల దించుకున్నాడు.

"నా చెయ్యే అయ్యుంటది బిడ్డా. యాదికొస్తలేదు" అన్నాడు జానయ్య.

ఉపేంద్ర దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. జానయ్య విప్పిన మరలన్నీ ఏరి డబ్బాలో వేశాడు, కళ్లజోడు తీసి బాక్సు మీద పెట్టాడు. తాళంచెవి తెచ్చి పట్టాభి ముందు పెట్టాడు.

"ఇగ రాను సార్. చేతి మీద నమ్మకం పోయినంక కరెంటు ముట్టొద్దు."

ఉండమంటాడేమోనని ఒక్క క్షణం ఆగాడు. పట్టాభి "నీ ఇష్టం" అన్నాడు.

ఎల్బీనగర్‌లో దిగి హయత్‌నగర్ బస్సు కోసం నిలబడితే, పాత మైక్‌సెట్ ఉన్న వైపు చూడబుద్ధి కాలేదు. ఇన్నేళ్లలో ఒక్క పెళ్లిలో పాట ఆగలేదు, ఒక్క మండపంలో నిప్పు రవ్వ లేవలేదు. ఆ మాట చెప్పుకునే హక్కు పొద్దుటితో పోయింది. ఇంటికెళ్లి అరుణమ్మకు ఏమని చెప్పాలి? అరచేతులు తిప్పి చూసుకున్నాడు. అవి పరాయివాళ్లవిలా ఉన్నాయి.

ఫోన్ మోగింది. పట్టాభి.

"కళ్లజోడు బాక్సు మీదే వదిలేశావు జానయ్యా."

"ఉండనీయుండ్రి సార్. గా పనే లేదు గదా ఇగ."

పట్టాభి ఫోన్ పెట్టేయలేదు. బస్సు వచ్చి, జనం ఎక్కి, వెళ్లిపోయింది. జానయ్య ఎక్కలేదు.

"నిన్న నువ్వెళ్లాక ఒకాయన గది చూడ్డానికొచ్చాడు. ఆయన వాల్వులదాంట్లో గిటార్ వాయిస్తున్నాడు. చిన్నదాంట్లో ఎలా ఉంటుందో వినిపిద్దామని, మన మైక్‌సెట్‌లో లాగినట్టే వైరు లాగేశాను. నువ్వన్నీ ఆపేసే వెళ్లావు జానయ్యా, వేసింది నేనే. కాల్చిందీ నేనే. పొద్దున్న చెప్పేద్దామనే వచ్చాను. కానీ నీ మీద వేసుకుంటావని నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. నీ కళ్లజోడు చేతిలో పట్టుకుని ఇక్కడే కూర్చున్నాను."