కరువు గాదెకి కిటికీ

వదిన పోయి నెల తిరగకముందే ఆమె చెల్లెళ్ళు మా అన్న సంచి సర్దేశారు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి అది నడవాలో, గుమ్మానికి దగ్గరగా పెట్టి ఉంది. లుంగీలు, నల్ల కోటు, పెద్దరికపు తలపాగా, నమాజు చాప. అన్న వడ్రంగి ఉలులు మాత్రం విడిగా పాత పేపర్లో చుట్టి, కొబ్బరితాడు కట్టారు. ముడి వదులుగా ఉందేమోనని లాగి చూశాను. మళ్ళీ లాగి చూశాను. సంచి కనిపిస్తే నా చేతులు ఊరుకోవు.

మా ఆచారంలో భార్య పోయాక మగవాడు ఆ ఇంట్లో ఉండడు. ఇల్లు ఆమెది, ఆమె తర్వాత ఆమె కూతుళ్ళది. అతని సొంత అక్కచెల్లెళ్ళు వచ్చి అతన్ని తీసుకుపోవాలి. అందుకే నేను వెళ్ళాను. వాళ్ళు మర్యాదకేం లోటు చెయ్యలేదు. కాఫీ ఆకుల టీ ఇచ్చారు, జిగురన్నం పెట్టారు. అన్న కూతురు యుస్నీ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, నాన్న ఓ మూల పడుంటే ఎవరికి అడ్డమని పిన్నుల్ని అడిగింది.

పెద్ద పిన్ని తలెత్తలేదు. "ఆకలేస్తే వచ్చి తిని పోతాడులేవే. పడుకోడానికి ఆయనకి తల్లిల్లు లేదా ఏంటి?"

"ఉందమ్మా," అన్నాడు అన్న. "నేనే కట్టాను."

అవును, ఆయనే కట్టాడు. తిరుగుబాటు రోజుల్లో సర్కారు సైనికులు తగలబెట్టిన మా పెద్దింటిని ఆయనే మళ్ళీ లేపాడు. చెద పట్టకుండా ముందే కొట్టి ఉంచిన దూలాలు బురదగుంటలో ఏళ్ళ తరబడి నానుతూ ఉన్నాయి కాబట్టి అవి మంటకి దొరకలేదు. ఆ ఇంటికి ఒక్క మేకు కొట్టలేదు. స్తంభాల్ని నేలలో పాతలేదు, బల్లపరుపు రాళ్ళమీద నిలబెట్టాడంతే. భూమి కదిలితే ఇల్లూ కొంచెం కదిలి, మళ్ళీ తన చోట తను కూర్చుంటుంది. గోడలు పైకి పోయేకొద్దీ పడవలాగా బయటికి వాలి ఉంటాయి. పైన నల్లపీచు కప్పు, రెండు కొసలూ దున్న కొమ్ముల్లా లేచి ఉంటాయి. లోపల ముందు పొడుగాటి నడవ, వెనక వరసగా గదులు. కొత్త పెళ్ళికూతురికి చివరి గది. ఇంకో పిల్లకి పెళ్ళయితే పాత పెళ్ళికూతురు ఒక గది ఇటు జరగాలి. అలా జరిగి జరిగి ముసలితనానికి వంటింటి పక్కకి చేరతాం. నేనూ అలాగే చేరాను. మగవాళ్ళకి గది లేదు. పిల్లలుగా ఉన్నప్పుడు సురావులో, అంటే ఊరి నమాజు ఇంట్లో పడుకుంటారు. పెళ్ళయ్యాక పెళ్ళాం గదిలో.

ఇల్లు కడుతున్నప్పుడు అమ్మ ఒక్కటే అడిగింది. వరస చివర ఇంకో చిన్న గది వెయ్యి నాయనా, మీ మగాళ్ళకి ముసలితనంలో పనికొస్తుంది, అని. అన్న ఉలి ఆపకుండానే నవ్వాడు.

"మోడు మీద బూడిదకి గదెందుకే అమ్మా? గాలొస్తే అదే పోద్ది."

మా ఊళ్ళో మగవాళ్ళ మీద ఉన్న సామెతే అది. పనివాళ్ళందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

తర్వాత ఆయన మా వంశానికి పెద్ద అయ్యాడు. ఊరంతా దాతుక్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పెద్దరికంలో ఆయన చెప్పిన మొదటి తీర్పు మా ఇంటి మీదే. మా పెద్దమ్మ కూతురు సమ్సియార్‌కి మాలిన్ అని తమ్ముడుండేవాడు. మేదాన్ పట్నంలో బతికి, చెడి, క్షయతో తిరిగొచ్చాడు. అక్క అతన్ని తన గదిలో పడుకోబెట్టుకుంది. అల్లుళ్ళు వచ్చిపోయే గదుల మధ్య మేనమామ పక్కేమిటని ఊరు గొణిగింది. దాతుక్ నడవాలో కూర్చుని అందరి మాటా విన్నాడు. ఇల్లు ఒక్కడికోసం మారితే రేపు ఒక్కొక్కడికోసం మారాలి అన్నాడు. మాలిన్‌ని చాపలో పెట్టి మెట్లు దింపారు. ఆ వానాకాలంలోనే సురావులో పోయాడు.

ఇప్పుడు అన్నని ఆ మెట్లమీదుగానే పైకి తీసుకొచ్చాను. లిస్మార్ గది ముందే ఊడ్చి ఉంచాను. లిస్మార్ నా కూతురు. మొగుడితో పెకన్‌బారులో ఉంటుంది. దాని గది ఖాళీగా పడి ఉంది, మామయ్య వాడుకుంటే నాకేం బాధ లేదని అది కబురు కూడా పంపింది. ఆ మాట అందరి ముందూ చెప్పాను. సమ్సియార్ అక్క ఇప్పుడు ఇంట్లో ఆడవాళ్ళందరికీ పెద్ద. నడిమి స్తంభానికి ఆనుకుని తమలపాకు మడుస్తోంది. మెట్ల వైపు చూసింది, అంతే.

అన్న ఆ చూపు చూశాడు.

"లిస్మార్ గది లిస్మార్‌దే," అన్నాడు. "నా చాప సురావులో వెయ్యవే నిస్."

సురావు ఒకప్పటిలా లేదు. కుర్రాళ్ళు అక్కడ పడుకోవడం మానేశారు. కప్పు కారుతోంది, వెనక గోడ చెదలు తినేసింది. రోజూ అన్నం పట్టుకెళ్ళి, తిన్నావా, తడిశావా, దుప్పటి సరిపోయిందా అని అడిగేదాన్ని. ఆయన విసుక్కునేవాడు. వానలు మొదలయ్యాక దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు నేను ఇదివరకే విన్నాను, అదే సురావులోంచి. ఇలాగే ఉంటే అన్న ఈ ఏడు దాటడని అనిపించింది. పైకి అనలేదు. అయినా ఆయనకి తెలిసిపోయినట్టుంది.

ఒక పొద్దున అన్నం పెట్టుకుని వెళ్తే సురావులో లేడు. మా వాకిట్లో గాదెల ముందు నిలబడి ఉన్నాడు. మా ఇంటికి మూడు గాదెలు. ఒకటి రోజూ తిండికి, ఒకటి శుభకార్యాలకి, మూడోది కరువుకి. అన్నీ నాలుగు కాళ్ళమీద నిలబడి, కొమ్ముల కప్పుతో, పెద్దింటికి పుట్టిన పిల్లల్లా ఉంటాయి. గాదెకి తలుపుండదు. నిచ్చెన వేసుకుని పైన చిన్న రంధ్రంలోంచి వడ్లు పొయ్యాలి. కరువు గాదెలో వడ్లు పోసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

"గాదె ఇల్లు కాదు కదే నిస్?" అన్నాడు.

"కాదు."

"అయితే దానిమీద నా తీర్పేం లేదు."

ఆ రోజే ఉలులు చుట్టిన తాడు విప్పాడు. గాదె కింద పలక కోసి దోవ పెట్టాడు. మనిషి లోపలికి పోయి లాగితే మెట్లు కూడా మడత పడి లోపలికొచ్చేస్తాయి. వాలుగోడ లోపలి వైపు మంచం, పగలు గోడలోకి పోతుంది, వాల్చితే పక్క. దీపానికి గూడు, ఉలులు పెట్టడానికి గాడులు, కూర్చుని టీ తాగడానికి బెత్తెడు వసారా. చివర తూర్పు గోడకి కిటికీ పెట్టాడు. నమాజుకి కూర్చుంటే తల తగలదు, నిలబడితే తగులుతుంది. నిలబడి చేసే భాగం వసారాలో చేస్తానన్నాడు. అటువంటి కట్టడం మా వైపు ఎవరూ చూసి ఉండరు. సంత రోజున జనం దారి మళ్ళి మరీ వచ్చేవాళ్ళు.

"దాతుక్‌ని ఎప్పుడు దంచుతారు?" అని అడిగాడొక వేళాకోళపువాడు.

"ఊకెక్కువ, బియ్యం తక్కువ," అన్నాడు అన్న కిటికీలోంచి. "మీ రోకలికే నష్టం."

అందులో పడుకున్నాక దగ్గు తగ్గింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే కిటికీ తెరుచుకునేది, ఆయన ముఖం కనిపించేది. బతికుండగా ఇక సంచి సర్దుకోడులే అనుకుని, కొబ్బరితాడు వంటింట్లో వాడేసుకున్నాను.

ఆ ఏడు ఎలుకలు వచ్చాయి. కోతకి వచ్చిన చేలు మొదలంటా కొరికి పడేశాయి. మడుల్లో నిలబడి డబ్బాలు వాయించాం, పొగ పెట్టాం, ఏదీ పనిచెయ్యలేదు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గాని, కరువు గాదెలో మనిషి కాపురం పెడితే కరువు రాక ఏమవుతుందనే మాట బావి దగ్గర మొదలై సంత దాకా పాకింది. మా ఇంటి ఆడవాళ్ళు కూడా తలలూపారు. ఎలుకలు పక్క ఊరి చేలు కూడా తిన్నాయి కదా అని నేనంటే, మాట మార్చేశారు.

సమ్సియార్ అక్క మెట్లు దిగి వాకిట్లోకి రావడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. కర్ర ఆనించుకుని గాదె కింద నిలబడింది. అన్న వసారాలో కూర్చుని ఉన్నాడు.

"తమ్ముడూ, గాదెకి కన్ను పెట్టావు," అంది.

"కాస్త వెలుగు కోసం అక్కా."

"ఆ కన్నే ఎలకల్ని పిలిచిందంటున్నారు."

"ఊరు అంటది. నువ్వేమంటావు?"

అక్క కర్ర మార్చి పట్టుకుంది. "నేనేం అనను. మాలిన్‌ని దింపిన రోజు నువ్వే అన్నావుగా, ఒక్కడికోసం మారితే ఒక్కొక్కడికోసం మారాలని. నాకు ఆ మాట చాలు."

"ఆ మాట తప్పని ఇప్పుడంటే?"

"నాతో అని ఏం లాభం? వాడితో అను."

అక్క వెళ్ళిపోయింది. అన్న ఆ పూటే కిటికీ మూయడం మొదలుపెట్టాడు. ఎవరూ మూయమనలేదు, మూయొద్దనీ అనలేదు. నేను మాత్రం అన్నాను. నా గదిలో నువ్వు పడుకో, నేను వంటింట్లో పొయ్యి దగ్గర పడుకుంటాను, ఎవరేమంటారో చూస్తాను అన్నాను.

ఆయన పలక నునుపు చెయ్యడానికి రందా తోస్తూనే ఉన్నాడు. "జరిగి జరిగి నువ్వు చేరిన చివరి చోటది. అక్కణ్ణించి ఇంకెక్కడికి జరుగుతావే?"

కిటికీ మూశాడు, కింది దోవ మూశాడు, మంచం ఊడదీసి పలకలు కరువుకాలంలో కట్టెలకి ఉంచమన్నాడు. తర్వాత సంచి సర్దుకున్నాడు. ఈసారి నేను చెయ్యి పెట్టలేదు. మా ఊళ్ళో సంపాదనకి ఊరు విడిచి పోయేది మీసాలు రాని కుర్రాళ్ళు. ఆయన మీసాలు పూర్తిగా నెరిశాయి. దుమాయిలో రేవు కడుతున్నారు, చెక్కపనికి మనుషులు కావాలంటున్నారు అని చెప్పాడు. పెద్దరికపు తలపాగా నడిమి స్తంభానికి తగిలించాడు. అక్క చూస్తూనే ఉంది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. అక్క చెయ్యి లాక్కోలేదు.

అరటాకులో బాగా ఇగరబెట్టిన మాంసం కట్టిచ్చాను, నాలుగు రోజులైనా చెడదు. బస్సు దాకా వెంట నడిచాను. ఎక్కేముందు ఆయన చెప్పింది ఒక్కటే. వానలకి కిటికీ పలక ఉబ్బుతుంది, నూనె పూయొద్దు, అదే సర్దుకుంటుంది అన్నాడు.

ఇంటికొచ్చి గాదె తూర్పు గోడ తడిమి చూశాను. అతుకు ఎక్కడుందో నా వేళ్ళకి దొరకలేదు.

మరుసటి రంజాన్ పండక్కి దుమాయి నుంచి వచ్చినవాడొకడు, సిమెంటు మేడలకి పోత పోసే అచ్చుచెక్కలు కొడుతున్న ముసలాయన్ని చూశానన్నాడు, చెక్కలు విప్పేశాక వాటిని తగలబెడతారట. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. లిస్మార్ గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. కరువు గాదె కూడా.

మా అన్న దాతుక్ 1977 మార్చిలో, ఎలుకలు తినగా మిగిలిన చేలు కోస్తున్న వారంలో, దుమాయి బస్సు ఎక్కాడు. తిరిగి రాలేదు.