చెరుకు గానుగ తిప్పిన ఇంజను

ఇడ్లీ రేకు దగ్గర మొదలైంది గొడవ. పొద్దున్నే పిండి పోద్దామని చూస్తే వైశాలికి రెండు రేకులే కనిపించాయి. మూడోది వెనక కొట్టంలో, పాత ఫియట్ కారు బానెట్ మీద దొరికింది. ఒక్కో గుంటలో ఒక్కో సైజు నట్లు, వాటి మీద కిరోసిన్.

"గిదేంది?" రేకు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"కలిసిపోకుండ ఏరి పెట్టిన. నాలుగు గుంటలు, సక్కగ సరిపోయినయి," అన్నాడు దేవిదాస్.

"ఇడ్లీలు గూడ సక్కగనే సరిపోతుండె."

"తోమితె పోతది గదా."

"మీ ముక్కుకు పోతదేమో, నా ముక్కుకు పోదు. ఇగ గా రేకు మీదే. ఇయ్యాల మీకు నాలుగు ఇడ్లీలు తక్కువ."

అరుగు మీద కూర్చున్న అత్తగారు భూమవ్వ, "ఆ కారు రెండేండ్ల సంది ఇంట్లోల్ల తిండి గుంజుకుంటుంది," అంది. ఎవరి పక్షమో తేల్చలేదు.

ఆ కారు భూమవ్వ పెనిమిటి కొన్నది. పందొమ్మిది వందల అరవై రెండు మోడల్. పెట్రోలు భరించలేక ఆయనే ఒకనాడు అసలు ఇంజను తీయించి, డీజిల్ ఇంజను పెట్టించాడు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. ఆయన పోయాక బండి కొట్టంలో మూలపడింది. దేవిదాస్ తలుపులు సరిచేయించాడు, సీట్లు కుట్టించాడు, లైట్లు వెలిగించాడు. మిగిలింది ఇంజను. పాతకాలపు బండిగా కాగితాలు రావాలంటే ఆర్‌సీ పుస్తకంలో మొదట రాసిన నంబరే ఇంజను మీదా ఉండాలని ఆర్టీఓ ఆఫీసులో చెప్పారు. అది దొరకకపోతే ఎంత మెరిసినా కారు కొట్టం దాటదు.

"ఇగ ఫికర్ లేదు, దొరికింది," అన్నాడు దేవిదాస్ ఇడ్లీ తుంచుతూ. హైదరాబాద్‌లోని పాత సామాన్ల వ్యాపారి పంపిన ఫొటో ఫోన్‌లో చూపించాడు. "అచ్చు మన నంబరే. రేపు పోయి తెస్త."

వైశాలి ఫొటోను పెద్దది చేసి చూసింది. చేతులు కడుక్కుని బీరువా తెరిచింది. కాపురానికొచ్చిన ఏడాదే ఆ ఇంటి కాగితాలన్నీ సంవత్సరాల వరుసలో సర్దింది ఆమె. కారు ఫైలు అడుగున ఒక పల్చటి కాగితం ఉంది. ఇంజను మీద చెక్కిన నంబరుపై కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు అది. మామగారి కాలంలో ఆఫీసుకు అలాగే తీసి ఇచ్చేవారు.

కాగితం పక్కన ఫోన్ పెట్టింది. "నాలుగు అంకె చూడుండ్రి. కాగితంల దాని నెత్తి తెరిచుంది. ఫొటోల మూసుకుంది. ఇది మొన్న కొట్టిన నంబరు. ఆయనకు మన నంబరు ఎవలు చెప్పిన్రు?"

"నేనెందుకు చెప్త?" అని, దేవిదాస్ గొంతు తగ్గించాడు. "ఫోన్ల అడిగిండు. చెప్పిన."

వైశాలి అరుగు మీదికి పోయింది. "అత్తమ్మా, డీజిల్‌ది పెట్టినప్పుడు పాత ఇంజను ఏం చేసిన్రు?"

"మన చేన్ల చెరుకు కొట్టే లోక్యాకిచ్చిండు మీ మామ. చెరుకు గానుగ తిప్పుకుంటనంటె."

"గీ మాట రెండేండ్ల సంది చెప్పలేదేందే అవ్వా?" లోపలి నుంచి దేవిదాస్ అరిచాడు.

"నన్నెవలన్న అడిగిన్రా? ఇనుప ముక్క కనవడంగనే హైద్రాబాదు ఉరుకుతివి."

నస్రుల్లాబాద్ దాటాక లోక్యా వాళ్ల తండా. లోక్యా చనిపోయి చాలా ఏళ్లయింది. చెరుకంతా ఫ్యాక్టరీకి పోవడం మొదలయ్యాక గానుగా ఆగిపోయింది. బైకు మీద వచ్చిన దంపతులిద్దరినీ అతని భార్య చాంద్రి పశువుల కొట్టంలోకి తీసుకుపోయింది. తుప్పు ముద్దను చూడటానికి సిద్ధపడి వచ్చిన దేవిదాస్ గడప దగ్గరే ఆగిపోయాడు. ఇంజను నిలువెల్లా ఎర్రగా ఉంది. నూనె, సింధూరం, మళ్లీ నూనె, మళ్లీ సింధూరం. పొరమీద పొర పేరుకుని చెక్కులా గట్టిపడింది.

"ప్రతి దసరాకు పూస్తం," అంది చాంద్రి.

వైశాలి చెయ్యి పెట్టలేదు. "నంబరు చూసుకోవచ్చా అవ్వా?" అని అడిగింది. చాంద్రి తానే గోరుతో చెక్కు లేపి, కొంగుతో తుడిచింది. కింద ఇనుము నల్లగా నిగనిగలాడింది. వైశాలి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దింది. అంకెలన్నీ ఒక్కొక్కటే లేచాయి. నాలుగు నెత్తి తెరిచే ఉంది.

దేవిదాస్ ఆగలేకపోయాడు. "ఎంతకిస్తవ్ చాంద్రవ్వా?"

చాంద్రి మొహం బిగుసుకుంది. "అమ్ముతనని నీకెవలు చెప్పిన్రు పటేలా? నా ముగ్గురు పిల్లలు దీని మీదనే పెరిగిన్రు. నువ్వు పట్టుకపోతె దసరాకు నేను కొబ్బరికాయ దేని ముందట కొట్టాలె?"

దేవిదాస్ మళ్లీ నోరు తెరవబోయాడు. వైశాలి చూసిన చూపుకు మూసుకున్నాడు. ఆమె అక్కడున్న మంచం మీద చాంద్రిని కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చుంది.

"అమ్మకు అవ్వా. ఈడ మూలకు కూసున్నది, కార్ల పెడితె తిరుగుతది. దసరా పొద్దున నీ ఇంటి ముందటికే వస్తది. మొదటి కాయ నువ్వే కొట్టాలె."

చాంద్రి నవ్వింది. "మీ పొలంల చెరుకు కొట్టినదాన్ని బిడ్డా, మీ ఇల్లు నాకెరుక. భూమవ్వ కాయ కొట్టంది దసరానాడు మీ సైకిల్ గూడ గేటు దాటదు."

"అది నేను చూసుకుంట."

"మాటేనా?"

"మాటే."

తిరిగొచ్చే దారిలో దేవిదాస్ బైకు నెమ్మది చేశాడు. "మా అవ్వను అడగకుండ మాటిచ్చినవ్. ఆమె కాదంటె ఇంజను రాదు, కారు లేదు."

"అడిగితె కాదంటది. అందుకె అడగ, చెప్త."

మధ్యాహ్నం ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. వైశాలి అత్తగారికి పప్పు వడ్డించి, నెయ్యి వేసి, గిన్నె కింద పెట్టింది.

"అత్తమ్మా, అసలు ఇంజను దొరికింది. ఎల్లుండి హన్మంతు మెకానిక్ పోయి దించుకొస్తడు. ఈ దసరా సంది కారుకు మొదటి కాయ మన గేటు కాడ కొట్టుడు లేదు. చాంద్రవ్వ ఇంటి ముందట ఆమె కొడుతది. నేను మాటిచ్చిన."

దేవిదాస్ కంచంలోంచి తల ఎత్తలేదు. భూమవ్వ ముద్ద కలపడం ఆపింది.

"నన్ను అడగవైతివి."

"అడగలేదు అత్తమ్మా. చెప్తున్న."

"మరి మన ట్రాక్టరుకు కొట్టే కాయ సంగతేంది?"

"అది మీదే. ఎప్పటిలెక్కనే."

భూమవ్వ ముద్ద నోట్లో పెట్టుకుంది, నిదానంగా నమిలింది. మింగాక కొడుకు వైపు తిరిగింది.

"దసరానాడు ఎండ ముదరకముందే తండాకు పోదాం. ట్రాక్టరు పూజ మనం తిరిగొచ్చినంకనే."