పగులుకు వేసిన వల

వంతెన స్తంభంలోని పగులు మంగళవారం పొద్దున్నే ఎర్రయ్య ఇంటికొచ్చి, తూర్పు గోడలో కూర్చుంటుంది. వలలు అల్లుకునే ఎర్రయ్య దానికి చోటివ్వడానికి క్యాలెండరు పక్కకి జరుపుతాడు. అది మనవరాలు నూకరత్నం కోసం వచ్చిందని అతనికి తెలుసు. ఏ పగులు ఎటు పాకుతుందో కంప్యూటరులో లెక్కగట్టి ముందే చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం.

పగులు వెనకాలే సుద్దముక్కతో పెద్ద ఇంజనీరు వస్తాడు. గోడ మీద నిలువుగా గీత గీస్తాడు.

"ఇది తిన్నగా పోయి స్తంభాన్ని రెండు చేస్తుంది. సాయంత్రం వంతెన కూల్చేస్తున్నాం."

"కూల్సీసినాక మా ఆడోళ్లు సేపల గంపలు నీ నెత్తి మీంచి అట్టుకెల్తారేటి బాబూ?" అంటాడు ఎర్రయ్య.

నూకరత్నం కంప్యూటరు తెరుస్తుంది. అందులోంచి మూడు మూలల కన్నుల వల ఒకటి జారి, గోడంతా పరుచుకుంటుంది. పగులు నిన్నెంత లాగుతోందని ప్రతి ముడీ పక్క ముడిని అడుగుతుంది. అన్నీ జవాబు చెప్పాక పగులు వేలెడు కదులుతుంది. మళ్లీ అడుగుతాయి. మళ్లీ వేలెడు. సరిగ్గా సుద్దగీత మీదే. ఇంజనీరు గడియారం చూసుకుంటాడు.

వల కన్ను మరీ పెద్దది. ఆ మాట చెబుదామని ఎర్రయ్య నోరు తెరిచేసరికే, అతను కన్ను కొలుచుకునే వెదురుబద్ద మనవరాలి చేతిలో ఉంది. కత్తిపీట మీద దాన్ని సన్నగా చెక్కుతోంది.

"అంతా సిన్న కన్నేసెత్తావేటే గుంటా? ముడులెయ్యడానికి ఈ జన్మ సాలదు."

"అంతా కాదు తాతా. ఈ పగులు ముక్కు కాడే. లాగేది అక్కడే కదేటి."

ఎర్రయ్య కత్తిపీట దగ్గరికి జరిగి చూస్తాడు. ఈ సంగతి అతను ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు.

నూకరత్నం పగులును మొదటికి పొమ్మంటుంది. అది తల దించుకుని పోతుంది. ఈసారి చిన్న కన్నులు దాని ముక్కు వెంటే నడుస్తాయి. సగం దారిలో పగులు వాసన పట్టి, సుద్దగీత వదిలి, ఎడమకి తిరుగుతుంది. అక్కడ సిమెంటులో మిరియపు గింజంత గాలిబుడగ. అందులో దూరగానే పగులు ముక్కు మొద్దుబారుతుంది. ఇంక లాగడం లేదని ప్రతి ముడీ అంటుంది. పగులు ఆగిపోతుంది.

ఇంజనీరు సుద్దముక్కను నోట్లో వేసుకుని నములుతాడు.

"ఎవరు నేర్పారమ్మా?"

"దానంతటదే బాబూ," అంటాడు ఎర్రయ్య, ఛాతీ పొంగించి. "బద్దొకటే నాది. అదీ అడక్కుండా అట్టుకుపోనాది."

వాకిట్లో వంతెన మోకాళ్ల మీద వంగి ఉంది. గంపల ఆడవాళ్లు దాని వీపు మీద జరిగి చోటిస్తారు. నూకరత్నం ఎక్కుతుంది. వంతెన లేచి సముద్రంలోకి నడుస్తుంది. ఆ పిల్ల బద్ద చూపిన వైపల్లా నీళ్లు నిలువునా పగులుతూ వెళ్లి, ఆమె ఆగమన్న చోట ఆగుతాయి.