గోడ పూసిన కూలి

మృగశిర కార్తె ప్రవేశించి పడమటి దిక్కున నీలమేఘములు కొండలవలె పేరుకొని చిరకాలదగ్ధములైన మెట్టచేలపై తొలిజల్లు చిలుకరింపగా మట్టివాసన ఊరంతయు నిండియుండెను. అట్టి ప్రభాతమున విత్తనసంఘపు కోశాధికారిణియగు సుంకులమ్మ కొట్టు వాకిట కూర్చుండి దారివంక చూచుచుండెను. విత్తనము కొఱకు ఒక్కరును రాలేదు.

ఆ సంఘమునకు ధనమనగా కొఱ్ఱవిత్తనమే. ఇంటింట చేటెడు చొప్పున కూర్చిన గింజలతో సంఘము మొదలయ్యెను. కుంచెడు గైకొన్నవారు పంటనాడు కుంచెడున్నర కొలువవలెనను కట్టుబాటుచే ఏటేట పెరిగి ఒక్క కుండ యేడు గాదెలయ్యెను. పిదప రెండేండ్లు వానలు మొగము చాటుచేయగా చల్లినది నేలపాలై ఒక్క గాదె మిగిలెను. అదియు ఈ కార్తెలో మన్ను చేరదేని మొలకెత్తు శక్తి కోల్పోవును. సంఘము అంతటితో సరి.

బాకీపడినవారము ఏ మొగముతో పోదుమని జనులెల్లరు ఆమె వీధినే విడిచి చుట్టుదారిని నడచుచుండిరి. ముసలి గంగులప్ప ఆనాడు ఆమెను చూచి తన యెద్దు చాటున నక్కెను. ఎద్దు కదలిపోవుటచే పాపము దొరకిపోయెను.

సుంకులమ్మ నవ్వు బిగబట్టి పలికెను. "మామా, కొట్టు గోడ పెచ్చులూడినది. ఎఱ్ఱమన్ను పూయింపవలెను. కూలి గింజలలో నిత్తును. అందఱిని పిలుచుకొని రమ్ము."

"ఒక్క గోడకు ఊరంతయునా అమ్మీ?"

"పెద్ద గోడ మామా."

అతడు తలయూపి ఎద్దును తోలుకొని వెడలెను. ఆ మధ్యాహ్నమే యందఱును వచ్చి మన్ను త్రొక్కి మోచేతులదాక ఎఱ్ఱనై పరిహాసములాడుచు గోడ పూసి కుంచెడేసి కొఱ్ఱలు కొంగులలో పోయించుకొని పోయిరి. కూలి గావున తలవంపు లేదు. ఆ గింజను ఎవ్వరును పొయ్యిమీది కెక్కింపలేదు.

వానలు నిలిచి కురిసెను. శరత్తున వెన్నులు బరువై వంగెను. నూర్పులు ముగిసిన సాయంకాలమున గంగులప్ప ముందు నడువగా జనులు తట్టలు నెత్తికెత్తుకొని కొట్టు వాకిటికి వచ్చిరి.

"మా పూత వానకు కరగిపోయినదమ్మీ. చెడ్డ పనికి కూలి యేల? కుంచమునకు కుంచెడున్నర చొప్పున మఱల తీసికొనుము" అని అతడు గంభీరముగా పలికెను.

సుంకులమ్మ వెనుదిరిగి చూచెను. గోడ బీటయైన లేక నిలిచియుండెను.

"అవును మామా, మీ పనితనమింతే" అని ఆమె కన్నులు తుడుచుకొని కొలువసాగెను. వాలుచున్న యెండలో ఆ యెఱ్ఱపూతపై అందఱి వ్రేళ్లచారలును చెఱగక మెఱయుచుండెను.